పీట మీద వదిన

మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే బిరుదు: నిలకడ లేని గుంట. గుంటంటే మా వైపు ఆడపిల్ల. కూర్చుంటే కాలు ఊపుతాను. నిలబడితే ఒళ్ళు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చుకుంటూ ఉంటాను. ఫోను వస్తే మాట్లాడుతూ వీధి చివరి వరకూ నడిచి వస్తాను. కాళ్ళు ఊపితే ఇంట్లో లక్ష్మి నిలవదని మా అమ్మ నా మోకాలి మీద కొట్టిన దెబ్బలకి లెక్కలేదు. లక్ష్మి సంగతేమో గానీ నేను మాత్రం ఎక్కడా నిలవలేదు. ఉద్యోగాలు మారాను, అద్దె ఇళ్ళు మారాను, ఖాయమైన పెళ్ళి సంబంధం దగ్గర్నుంచి కూడా లేచి వచ్చేశాను. ఒంటికాలి మీద లేవడంలో చోడవరం మొత్తానికి నువ్వే ఫస్టు అని మా అన్నయ్య అంటాడు.

అలాంటిదాన్ని, చివరికి మనుషులు ఎంత కదలకుండా నిలబడగలరో కొలిచే పనిలో పడ్డాను. ఫిజియోథెరపీ చదివి, కొన్నాళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి, అక్కడా విసుగొచ్చి, విశాఖపట్నంలో ఒక కాలేజీలో మనిషి నడక మీద, నిలకడ మీద, కండరాల మీద పరిశోధన చేసే విభాగంలో చేరాను. నా చేతిలో ఉండే పరికరం ఒక చదరపు పలక. దాని మీద మనిషి నిలబడితే అరికాళ్ళ కింద బరువు ఎటు జరుగుతోందో ల్యాప్‌టాప్ తెర మీద గీత పడుతుంది. చూసేవాళ్ళకి ఆ మనిషి రాయిలా నిలబడినట్టే ఉంటుంది. గీత మాత్రం ఒక్క క్షణం ఆగదు, చిక్కుపడిన దారంలా అక్కడక్కడే తిరుగుతుంది. ఒళ్ళు ముందుకి వాలబోతుంది, పిక్కలు వెనక్కి లాగుతాయి. వెనక్కి వాలబోతుంది, కాలి వేళ్ళు నేలని పట్టుకుంటాయి. బతికున్న మనిషి ఎవరూ కదలకుండా నిలబడరు. ఈ ముక్క నేర్చుకున్న రోజున మా అమ్మ బతికి ఉంటే ఫోను చేసి చెప్పేదాన్ని.

మనిషి నిలబడడానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్ళు చెప్పాలి, చెవి లోపలి భాగం చెప్పాలి, అరికాళ్ళు చెప్పాలి. ఒకటి సరిగ్గా పనిచేయకపోతే మిగతా రెండూ ఆ లోటు కనపడనివ్వవు. అందుకే మేం కళ్ళు తెరిపించి ఒకసారి, మూయించి ఒకసారి చూస్తాం. కళ్ళు మూశాక గీత బాగా పెద్దదైతే, పాదాలు తమ పని మానేసి కళ్ళ మీద బతుకుతున్నాయేమో అని అనుమానించాలి.

కిందటి చలికాలం చెరుకు నరికే రోజుల్లో ఈ పలకతో మా ఊరు వచ్చాను. రోలుగుంట అవతల ఒక పల్లెలో చెరుకు మోపులు నెత్తిన మోసే నడివయసు ఆడవాళ్ళ నిలకడ ఎలా ఉంటుందో చూడాలి. మకాం చోడవరంలో అన్నయ్య ఇంట్లో. అన్నయ్య బ్యాంకు ఉద్యోగి. వదిన చీడికాడ వైపు ఒక బడిలో లెక్కల టీచరు. వాళ్ళకి పిల్లల్లేరు. వాళ్ళిద్దరికీ ఉన్న ఒకే ఒక్క అల్లరి పిల్లని నేనే, ఈ వయసులో కూడా.

ఆ పలకకి ఒక జబ్బు ఉంది. బస్సుల్లో ఆటోల్లో తిప్పితే ఒక్కోసారి లెక్క తప్పుతుంది. సరిచూడడానికి కాలేజీలో ఇనప దిమ్మలున్నాయి గానీ వాటిని చోడవరం బస్సులో మోసుకురావడం నావల్ల కాలేదు. దానికి బదులు రోజూ పొద్దున్న బయల్దేరే ముందు ఒకే మనిషిని ఎక్కించి చూస్తే సరిపోతుందని అనుకున్నాను. నిన్నటి గీతా ఇవాళ్టి గీతా ఒకలాగే ఉంటే పలక బాగున్నట్టు. ఆ ఒక్క మనిషి ఎవరన్నది ఆలోచించనే లేదు. వదినే.

నిలకడకి పెట్టింది పేరు మా వదిన. ఆ మాటకి మా ఇంట్లో రెండర్థాలూ ఆవిడవే. మాటలో నిలకడ, మనిషిలో నిలకడ. గతుకుల్లో బస్సు ఎగిరెగిరి పడుతుంటే కడ్డీ పట్టుకోకుండా నిలబడి, ఎర్ర పెన్నుతో పిల్లల పేపర్లు దిద్దగలదు. ఆవిడ పెట్టిన మార్కుల్లో ఒక్క అంకె వంకరగా ఉండదని అన్నయ్య గొప్పగా చెప్పుకునేవాడు. మా అమ్మ మంచాన పడ్డ ఏడాదంతా ఆవిడని ఎత్తి దింపింది వదినే. నేను వారానికోసారి వచ్చి, మంచం చుట్టూ కాలుకాలిన పిల్లిలా తిరిగి, అందరి మీదా అరిచి వెళ్ళిపోయేదాన్ని.

హాల్లో పలక పరిచాక మొదటి రోజు వదిన దాన్ని వంగి కళ్ళకద్దుకుని మరీ ఎక్కింది.

"ఏటి వదినా, తులాభారమా?" అన్నాను.

"కాలితో తొక్కుతన్నాం కదే. సరస్వతో ఎవరో ఒకరు ఉంటారు," అంది. "తొరగా కానియ్యి నీ పీట. స్టౌ మీద పాలున్నాయి."

అప్పట్నుంచి దాని పేరు పీట అయిపోయింది. రోజూ అదే పని. పాలు పొంగేలోపు వదిన పీట ఎక్కేది, గోడ మీద క్యాలెండరు చూస్తూ కాసేపు, కళ్ళు మూసుకుని కాసేపు. గీత రెండుసార్లూ బుద్ధిగా చిన్న ఉండ చుట్టుకునేది. నేను దాన్ని సంచీలో పెట్టుకుని రోలుగుంట బస్సు ఎక్కేదాన్ని.

పల్లెలో నా పని నవ్వులాటతో మొదలైంది. ముందు మాటగా ఒక ప్రశ్న అడగాలి, ఈమధ్య ఎప్పుడైనా పడ్డారా అని. నేను కాస్త నాగరికంగా ఉంటుందని, "ఈ ఏడాదిలో మీకు ఎప్పుడైనా కాలు జారిందా?" అని అడిగాను. కళ్ళం గట్టు మీద కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి మాట ఆపేశారు. అందులో పెద్దావిడ చుట్ట పక్కన పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏటమ్మా, సదువుకున్నదానివి. మమ్మల్ని సూస్తే అలాటోళ్ళలాగ కనిపిస్తన్నామేటి?"

పక్కనావిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "ఒకేల జారినా నీకు సెప్తామేటి బాబూ, కాయితం మీద రాసుకుంతన్నావు," అంది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ రోజు నాకు రెండూ ఒకేసారి జరిగాయి. పొలం గట్ల మీద పడ్డామని ఒక్కరూ ఒప్పుకోలేదు. పడ్డమనేది వాళ్ళకి చెప్పుకునే విషయం కాదని మాత్రం నాకు అర్థమైంది. ఆ ముక్క మా ఇంటికి కూడా పట్టుకెళ్ళి ఉంటే బాగుండేది.

సంక్రాంతి వెళ్ళాక పలక పేచీ పెట్టడం మొదలైంది. వదిన కళ్ళు తెరిచి నిలబడితే గీత ఎప్పటిలాగే ఉంది. కళ్ళు మూస్తే మాత్రం ఉండ విప్పుకుంటోంది. మొదట్లో కాస్తే. నేల సమంగా లేదేమో అనుకున్నాను. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి మార్చాను. అన్నయ్య పక్కింటి తాపీమేస్త్రి దగ్గర్నుంచి రసమట్టం అరువు తెచ్చి, పలక మీద పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది.

"నేల బాగుంది, పీటా బాగుంది. నీ బుర్రే వాలింది," అన్నాడు.

అన్నయ్యని ఎక్కించి చూశాను. ఎక్కిన వెంటనే ఆయనకి ఫోను వచ్చింది. దించేశాను. నేనే ఎక్కి చూశాను గానీ, ఊగడమే నా స్వభావం, నా గీతని నేనెప్పుడు నమ్మాను కనక. తీగలు మార్చాను, బ్యాటరీలు మార్చాను, కింద రబ్బరు ముక్కలు పెట్టాను. వారం తిరిగేసరికి గీత ఇంకా పెద్దదైంది. పల్లెలో తీసుకున్న లెక్కలన్నీ ఇదే పలక మీద తీసుకున్నవి. పలక పాడైతే అవన్నీ చెత్తబుట్టకే. చెరుకు అయిపోతే ఆ ఆడవాళ్ళు మళ్ళీ ఏడాది దాకా దొరకరు. మా ప్రొఫెసర్‌కి ఫోను చేస్తే, సంగతి తేలేదాకా పని ఆపెయ్యమన్నారు.

ఆపడం అనేది నాకు చేతకాని పని. వీధిలో చెరుకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, నేను వరండాలో ఆ చివర నుంచి ఈ చివరికి తిరుగుతూ, పలక అమ్మిన కంపెనీ వాడికి రోజూ ఫోను చేసి తిట్టేదాన్ని. వాడు పాపం ఎక్కడో కూర్చుని, మేడమ్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి అనేవాడు. నిన్నే ఆపి మళ్ళీ ఆన్ చేస్తాను అనేదాన్ని. వదిన పక్కనే కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరిగేది. అన్నం పెట్టేటప్పుడు ఒకసారి, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ గోల," అంది. నన్నే అందనుకున్నాను.

ఆ రోజుల్లోనే వదిన మాడుగుల పెళ్ళికి వెళ్ళి, హల్వా పొట్లంతో ఒక కాలి చెప్పుతో తిరిగొచ్చింది. బస్సులో ఎక్కడో ఊడిపోయిందట, దిగి ఇంటి దాకా నడిచొచ్చినా తెలియలేదట. అన్నయ్య హల్వా తింటూ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మర్నాడు వదిన వెనక బెల్టు ఉన్న చెప్పులు కొనుక్కుంటే, ఈ వయసులో ఫ్యాషనేంటని ఇద్దరం కలిసి ఏడిపించాం. పట్టపగలు స్నానాలగదిలో లైటు వేసుకుంటోందని అన్నయ్య కరెంటు బిల్లు మీద ఉపన్యాసం ఇచ్చాడు. ఆ నెల సంకటహర చవితి నాడు వినాయకుడి గుడికి వెళ్తే, ఏనాడూ గుంజీళ్ళు మానని మనిషి, మోకాళ్ళు నొప్పులని చెప్పి ఊరికే దండం పెట్టి వచ్చేసింది. దండం పెట్టేటప్పుడు కళ్ళు తెరిచే ఉంచింది. చిన్నప్పుడు నేను దేవుడి దగ్గర కళ్ళు తెరిస్తే తలమీద మొట్టింది ఈవిడే. ఇవన్నీ నా కళ్ళముందే జరిగాయి. నడక చూసి జబ్బు చెప్పడం నా వృత్తి. నేను పలక చూస్తున్నాను.

ఒక పొద్దున్న వదిన బడికి వెళ్ళాక, బియ్యం డబ్బాలో పోద్దామని అన్నయ్య కొత్త బస్తా తెచ్చి వంటింట్లో దించి బ్యాంకుకి వెళ్ళిపోయాడు. నేను కోపంతో కాఫీ కలుపుకుంటూ ఆ బస్తా వంక చూశాను. ఇనప దిమ్మలు లేకపోతేనేం, బియ్యానికి ఊపిరి లేదు, పిక్కలు లేవు. దాన్ని ఈడ్చుకొచ్చి పీట మీద నిలబెట్టాను. తెర మీద ఒక చుక్క పడింది. కాఫీ తాగి వచ్చి చూసినా అదే చుక్క. బస్తాని కాస్త ఎడమకి జరిపితే చుక్క ఎడమకి జరిగి, అక్కడే ఉండిపోయింది. మళ్ళీ కుడికి జరిపాను. మళ్ళీ చుక్కే.

పలకకి ఏ జబ్బూ లేదు.

నేను ఆ బస్తాకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాను. చాలాసేపటికి గమనించాను, నా కాలు ఊగడం లేదు. అన్ని వారాలుగా ఇనుముని అనుమానించాను, నేలని అనుమానించాను, ఆ కంపెనీ కుర్రాడి నిద్ర పాడుచేశాను. వదిన ఊగుతుందన్న ఆలోచన మాత్రం నా బుర్రలోకి రాలేదు. ఆ ఇంట్లో ఊగే మనిషిని నేను, నిలబడే మనిషి వదిన. ఇది ఎప్పుడో తేలిపోయిన లెక్క అనుకున్నాను. భయం వేసింది. కళ్ళు మూస్తేనే పెరిగే గీతకి అర్థాలు ఏమేం ఉండొచ్చో నాకు తెలుసు. అందులో కొన్ని తిరిగిరానివి.

సాయంత్రం బస్సు వేళకి ముందే స్టాండుకి వెళ్ళి, అక్కడి బడ్డీల మధ్య తిరుగుతూ నిలబడ్డాను. చీడికాడ బస్సు వచ్చింది. వదిన దిగింది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, మెట్టుని కళ్ళతో చూసుకుని, అప్పుడు కాలు మోపింది. తర్వాత రోడ్డు పక్కన నేల చూపులు చూస్తూ నడిచింది, పాదాలు కాస్త ఎడంగా వేస్తూ, గట్టిగా నేలకి కొడుతూ. కళ్ళు పాదాలకి కాపలా కాస్తున్నాయి. ఆసుపత్రిలో ఇలాంటి నడక చూస్తే రోగి గుమ్మం దాటేలోపే చెప్పేసేదాన్ని.

నేను వెనకే నడిచాను. ఇంటికొచ్చి వదిన పెరట్లో పంపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"వదినా, ఒకసారి కళ్ళు మూసుకో."

"ఎందుకేటి? నీ పీట పాడైపోయిందన్నావ్ కదా."

"పీట బాగానే ఉంది. బియ్యం బస్తా పెట్టి చూసేను."

వదిన పంపు కట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"బాగుందని నాకు తెలుసులే," అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. "తెలుసా? నేను ఆ కంపెనీ వాడి మీద అరుస్తంటే పక్కన కూచుని వంకాయలు తరిగేవు కదా వదినా. రసమట్టం తెస్తే చూస్తా నిలబడ్డావు కదా."

"మరేటి చెయ్యమంటావే? నాకూ ఆశే. పీటదే తప్పు అయితే బాగుణ్ణనుకున్నాను. మీ అన్నయ్య రసమట్టం పెట్టిన రోజున, అది పక్కకి వాలాలని నీకంటే నేనే ఎక్కువ మొక్కుకున్నాను."

వదిన పంపు గట్టు మీద కూర్చుంది.

"కాలికి నేల తెలవట్లేదే," అంది. "దూది మీద నడుస్తన్నట్టుంటది. కళ్ళకి నీళ్ళు కొట్టుకుంటే గోడ ఎటుందో తెలవదు. బోర్డు మీద రాసి వెనక్కి తిరుగుతాను కదా, అప్పుడు బల్ల పట్టుకుంటన్నాను. పిల్లలు కనిపెట్టేసేరు. వాళ్ళే బల్ల దగ్గరగా జరిపి పెడతన్నారు."

"పడ్డావా?"

నేల వంక చూసింది. "పడ్డాను."

"మాకు చెప్పొద్దా?"

"చెప్తే కూచోబెట్టేస్తారు," అంది వెంటనే, ఎప్పట్నుంచో సిద్ధంగా పెట్టుకున్న జవాబులా. "మీ అమ్మని చూసేను కదే. ఒకసారి పడ్డారు. మళ్ళీ పడిపోతారని నేనే కూచోబెట్టేను. లేస్తానంటే వద్దత్తయ్యా అన్నాను. నీళ్ళు నేనే ఇచ్చేను, అన్నం నేనే పెట్టేను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కూచోబెట్టేక మరి లేవలేదు ఆవిడ."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. కూర్చోబెట్టిన కాళ్ళలో కండ కరిగిపోతుంది, కండ కరిగాక భయం పెరుగుతుంది, ఆ భయం మనిషిని మంచానికి కట్టేస్తుంది. నేను తరగతి గదిలో పాఠంగా చెప్పేది ఇదే. ఆ ఏడాది ఈ ముక్క వదినకి చెప్పాల్సింది నేను. వారానికోసారి వచ్చి అరవడమే సరిపోయింది. నేను వెళ్ళి గట్టు మీద వదిన పక్కన కూర్చున్నాను. చాలా ఏడుపొచ్చింది. ఏడ్చాను.

అన్నయ్యకి చెప్పి వదినని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు శృతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్కు, మోగించి వదిన చీలమండ మీద పెట్టాడు. తెలుస్తోందా అంటే లేదంది. మోకాలి మీద పెడితే తెలుస్తోందంది. రక్తపరీక్షలో బి పన్నెండు బాగా తక్కువని తేలింది. వదినలా షుగరు మాత్రలు ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళలో కొందరికి అలా అవుతుందని, ఇంజెక్షన్లు మొదలుపెడదామని అన్నాడు. పాదాలకి మళ్ళీ నేల తెలుస్తుందా అని అడిగాను. నరం ఎంత దెబ్బతిందో, ఎంత కోలుకుంటుందో ఇప్పుడే చెప్పలేమన్నాడు. ఆ జవాబు నాకు తెలుసు. తెలిసిన జవాబు ఎదుటి మనిషి నోట వింటే ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

మర్నాడు సాయంత్రం అన్నయ్య బజారు నుంచి చేతుల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వంటింట్లో వేశాడు. బడికి సెలవు పెట్టెయ్యమన్నాడు, కూర్చుని వంట చెయ్యమన్నాడు, అసలు వంటే వద్దన్నాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిన నావైపు చూసింది, చూశావా అన్నట్టు. నేను ఆ కుర్చీ తీసుకెళ్ళి వీధిలో పెట్టొచ్చాను.

"ఏటే నీ గొడవ?" అన్నాడు అన్నయ్య. "పడిపోద్ది."

"పడితే లేపుదాం."

"నువ్వు బస్సెక్కి ఎల్లిపోతావు. లేపేది నేను."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "ఎల్లను," అన్నాను. అనేశాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

వెళ్ళలేదు. కాలేజీకి వారంలో రెండుసార్లు చోడవరం నుంచే వెళ్ళివచ్చేదాన్ని. పలక బాగుందని తెలిసి మా ప్రొఫెసర్ చాలా సంతోషించారు. ఆ సంతోషం నాకు వినబుద్ధి కాలేదు. రోలుగుంట వెళ్ళి మిగిలిన కొందరి లెక్కలు తీసుకున్నాను. పడ్డారా అని మాత్రం ఇప్పుడు అలా అడగలేదు. నేనొకప్పుడు బస్సు మెట్టు మీంచి పడ్డ సంగతి ముందు చెప్పేదాన్ని. అప్పుడు చుట్ట పెద్దావిడ, "అదేటమ్మా, నాను గట్టు మీంచి మోపుతోటి పడ్డాను సూడు," అని మొదలుపెట్టింది. ఆ పైన ఒక్కొక్కరూ చెప్పుకొచ్చారు.

ఇంట్లో రోజూ పాలు పొంగేలోపు వదినని వంటింటి మూలలో నిలబెట్టేదాన్ని, రెండు గోడల మధ్య. అటు పడినా గోడే, ఇటు పడినా గోడే. కళ్ళు మూసుకోమనేదాన్ని. కాలి వేళ్ళతో నేలని పట్టుకోమనేదాన్ని. వదిన తిట్టుకుంటూ చేసేది. ముప్పై ఏళ్ళు పిల్లల్ని మూల నిలబెట్టిన పాపం ఇలా తగిలిందనేది. తర్వాత పీట ఎక్కేది. ఉండ కొన్నాళ్ళు చిన్నదయ్యేది, ఇంకో వారం మళ్ళీ విప్పుకునేది. వేసవి వచ్చేసరికి కాస్త తగ్గి, అక్కడే ఆగిపోయింది. ఇంతకంటే తగ్గుతుందో లేదో తెలియక నేను వరండాలో తిరిగేదాన్ని. బడి తెరిచాక వదిన మళ్ళీ బస్సెక్కింది. కడ్డీ పట్టుకుని.

తొలకరి పడ్డాక వచ్చిన చవితికి గుడికి వెళ్దామంది. గుంజీళ్ళు తీస్తానంది.

"కళ్ళు తెరుచుకుని తియ్యి. దేవుడేం అనుకోడు," అన్నాడు అన్నయ్య.

"దేవుడు అనుకోడు. నాకే బాగోదు," అంది.

గుడిలో జనం ఎక్కువగానే ఉన్నారు. లైన్లో మా వంతు వచ్చింది. వదిన స్వామి ఎదురుగా నిలబడి, చేతులు అడ్డంగా వేసి, కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకుంది. ఇక పట్టుకోవడానికి చేతులు లేవు. ఆ సంగతి నేను అప్పటిదాకా ఆలోచించలేదు.

"నువ్వు వెనక ఉండు," అంది తల తిప్పకుండా. "నన్ను ముట్టుకోకు. పడితేనే పట్టుకో."

వెనక నిలబడ్డాను, రెండు చేతులూ చాచి, కబడ్డీ కోర్టులో కాచుకున్నట్టు. వదిన కళ్ళు మూసుకుంది. నాకు మొహం కనపడదు, అయినా తెలిసింది. భుజాలు ఒకసారి ముందుకి వెళ్ళి వెనక్కొచ్చాయి. ఆ ఊపు తెర మీద ఎంత పెద్ద గీతో నాకు తెలుసు. కిందికి దిగింది. అడుగున ఒకపక్కకి ఒరిగింది. నా చేతులు ఆవిడ చీర అంచు దాకా వెళ్ళి ఆగాయి. వేళ్ళు బిగించింది కాబోలు, బెల్టు చెప్పులు విప్పేసిన ఆ పాదాలు నేలని పట్టుకున్నాయి. మెల్లగా లేచింది.

చాల్లే వదినా అందామనుకున్నాను. దేవుడికి ఒక్క గుంజీయేటే అంటుందని ఊరుకున్నాను.

వెనక లైన్లోంచి ఎవరో గట్టిగా, "కదలండమ్మా, కదలండి" అన్నారు. పంతులుగారు కూడా పళ్ళెం పట్టుకుని నావైపే చూశారు. అన్నయ్య నా భుజం మీద తట్టాడు. వదిన కళ్ళు మూసుకునే ఉంది, రెండోసారి కిందికి దిగుతోంది.

నేను కదలలేదు.